గరుకు తగిలితే ఆగని చెయ్యి

క్లినిక్ వరండా,
మధ్యాహ్నం టీ వేళ

వదినకి,

ఫోను ఎందుకు ఎత్తవో నాకు తెలీదనుకున్నావా? ఎత్తితే వీడియో పెట్టమంటానని భయం. సరే, ఉత్తరానికి మొహం చూపించక్కర్లేదు కదా, అందుకే కాగితం మీద పడ్డాను. దీనికి కూడా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నావంటే బస్సెక్కి వచ్చి నీ వెనక గదిలోనే మకాం పెడతాను. ఆడపడుచు పెత్తనం అనుకో, ఇంకేమన్నా అనుకో.

అన్నయ్య అంతా చెప్పాడు. మీ కొట్టు పెద్దాయన ఏడాది చివరికి పని మానేస్తున్నాడట. ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడుకుంటూ కొట్టు మొత్తం నువ్వే నడుపుకో అన్నాడట. నువ్వు "ఆలోచిస్తాను" అన్నావట. ఏమిటమ్మా ఆలోచన? నువ్వు కాదంటే ఆయన మేనల్లుడొచ్చి అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి అమ్ముకుంటాడు, నీ వెనక గది గోదాము అయిపోతుంది. అంటే ఉన్న పని కూడా పోతుంది. పాత బీరువాలకీ బల్లలకీ పాలిష్ పెట్టడంలో నీ చెయ్యి లాంటి చెయ్యి లేదని ఆ పెద్దాయనే ఊరంతా చెప్పుకుంటాడు కదా!

"మీ వదినకి నలుగురిలో మాట్లాడ్డం రాదమ్మా" అన్నాడు అన్నయ్య. నీకా! నీ నోటికి జడిసి నేను హైస్కూలంతా బుద్ధిగా చదువుకున్నాను. పాపం, అన్నయ్యకి ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు. నాకు తెలుసు. నీకు జంకు మాట గురించి కాదు, బుగ్గల మీది మొటిమల గుంటల గురించి.

నేను రోజూ నడిపే మిషను అందుకే ఉంది వదినా. ఫ్రాక్షనల్ లేజర్ అంటారు. వెలుగుతో చర్మంలో కంటికి కనపడనంత చిన్న చిల్లులు పెడుతుంది, ఆ చిల్లులు మానేటప్పుడు చర్మం కొత్తగా తయారవుతుంది. ఒక్కసారి వచ్చి మా డాక్టరమ్మకి చూపించు. కొత్త మొహంతో పంపిస్తాను. నాదీ పూచీ.

నీ మరదలు


వెనక గది,
గోడ వైపు బల్ల

పెత్తనాల మరదలికి,

ఉన్న చిల్లులు చాలవని ఇంకా పొడుస్తానంటావా? బడిలో నన్ను జల్లెడ అని పిలిచేవాళ్ళు. నీ మిషను కిందికొచ్చి పడుకుంటే ఆ పేరు నిజం చేసి పంపిస్తావన్నమాట. చదివి పడీ పడీ నవ్వాను. డబ్బాలో లక్క పాలిష్ సగం ఒలికింది. ఆ పాపం నీదే.

నాకు తెలిసిన పనిలోంచి అడుగుతున్నాను, చెప్పు. చెక్కలో గుంట కనపడితే మాకు రెండే దారులు. లప్పం పెట్టి నింపడం, లేకపోతే చుట్టూ ఉన్నదంతా గుంట లోతుకి గీకేసి సమానం చెయ్యడం. మీరేది చేస్తారు? గీకడమే అయితే నా మొహంలో అంత మందం లేదు తల్లీ, ఎముక తగులుతుంది. లప్పం అయితే వానాకాలం ఉబ్బి ఊడిపోతుంది. నీ వెలుగూ గిలుగూ నాకేం నమ్మకం కలగడం లేదు. పైగా ఈ వయసులో సోకులేమిటని మీ అన్నయ్య నవ్వడా?

మా ముందు గది నువ్వు చూశావుగా. పొద్దుటి ఎండ వారగా వచ్చి కౌంటరు మీద పడుతుంది. బల్లలో లోపాలు వెతకాలంటే నేనే దాన్ని ఆ ఎండలోకి లాగి పక్కనుంచి చూస్తాను. అలా చూస్తే ప్రతి గుంటా రెట్టింపు కనపడుతుంది. ఆ ఎండలో నేను రోజూ కూర్చోవాలా? వచ్చినవాళ్ళు బేరం ఆడుతూ నా బుగ్గలు చూడాలా?

ఒక మాట రాస్తున్నాను, మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. నాకు ఆ కొట్టు కావాలి. చాలా కావాలి. ముందు గదిలో పెద్దాయన ఎవరికో "అంతా గీకేసి రంగు వేసేద్దాం" అని తప్పు సలహా ఇస్తూంటే, వెనక నేను పళ్ళు నూరుకుంటూ కూర్చుంటాను. లేచి వెళ్ళి చెప్పాలనిపిస్తుంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొస్తాను. ఎంత సిగ్గుచేటో నాకే తెలుసు.

నొప్పి ఎంతుంటుంది?

వదిన


క్లినిక్,
మందుల అలమర పక్క

వదినకి,

పేజీలకి పేజీలు వెటకారం చేసి, చివర "నొప్పి ఎంతుంటుంది" అని అడిగావు. అంటే వస్తున్నావు! మా డాక్టరమ్మతో అప్పుడే చెప్పేశాను.

గీకడమూ కాదు, లప్పమూ కాదు. ఇది మూడో దారి. పాతకాలం లేజర్లు నువ్వన్నట్టే పైపొరనంతా తీసేసేవి. మానడానికి వారాలు పట్టేది, మనలాంటి రంగువాళ్ళకి మచ్చలు పడిపోయేవి. ఈ మిషను ఏం చేస్తుందంటే, వెలుగుని సన్నటి చుక్కలుగా చీలుస్తుంది. ఒక్కో చుక్క చర్మంలోకి వెంట్రుకంత సన్నగా దిగి, దిగినంత మేరా కాలుస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న చర్మాన్ని మాత్రం ముట్టుకోదు. కిటుకంతా ఆ ముట్టుకోని చర్మంలోనే ఉంది. పక్కన దెబ్బ తగిలిందని తెలియగానే అదే పరుగెత్తుకొచ్చి పూడ్చేస్తుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే నార లాంటిది ఒకటుంటుంది, కొలాజెన్ అంటాం. లోపల వేడి తగిలిన చోట అది కొత్తగా పుడుతుంది. ఒక్క రోజులో కాదు, నెలల తరబడి పుడుతూనే ఉంటుంది. గుంట అడుగు మెల్లగా పైకి లేస్తుంది. చెక్కకైతే ప్రాణం పోయింది కాబట్టి నువ్వు పూడ్చాలి. చర్మానికి ప్రాణం ఉంది, దానికి కాస్త సాకు దొరికితే చాలు.

ఒక్కసారితో అయ్యేది కాదు. నెలో నెలన్నరో ఎడమిచ్చి నాలుగైదు సార్లు రావాలి. మన రంగుకి డాక్టరమ్మ చుక్కలు దూరం దూరంగా పెట్టిస్తుంది, తొందరపడదు. నొప్పి అంటావా, ముందు మత్తు క్రీము రాసి గంటసేపు కూర్చోబెడతాం. తర్వాత వేడి నూనె చింది తగిలినట్టు చురుకు చురుకుమంటుంది. చల్లగాలి గొట్టం పట్టుకుని నీ పక్కనే ఉంటాను. తిట్టుకో, పరవాలేదు, అందరూ తిడతారు.

ఇది మాత్రం చెవికెక్కించుకో. మొదటి రెండు రోజులు మొహం ఎర్రగా ఉబ్బుతుంది. ఆ తర్వాత సన్నటి గోధుమరంగు చుక్కలు లేచి, మీ గరుకు కాగితంలా తయారవుతుంది. వారం దాకా ఆ గరుకు అలాగే ఉండాలి, దానంతట అదే రాలాలి. గిల్లకు, రుద్దకు, ఎండలోకి పోకు. నీ కొట్టు దుమ్ములోకీ థిన్నర్ వాసనలోకీ అసలే పోకు.

బస్సు దిగేచోట ఉంటాను.

నీ మరదలు


ఇంట్లో,
వంటింటి బల్ల

మరదలు పిల్లకి,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనావిడ నా ఎర్రటి మొహం చూసి జాలిపడి కిటికీ సీటిచ్చింది. ఎండ తగలకూడదని నేను మళ్ళీ ఆవిడకే ఇచ్చేశాను. ఆవిడకి నేనేమీ అర్థం కాలేదు.

మీ డాక్టరమ్మ నచ్చింది. తెల్ల పెన్సిలు పెట్టి గుంటల చుట్టూ గీతలు గీస్తూంటే మా వడ్రంగి చెక్కకి కొలతలు పెడుతున్నట్టే ఉంది. తర్వాత కళ్ళకి ఆ మూతలు పెట్టి నా లోకం చీకటి చేశారు. మిషను టకటకమంటోంది, నేను "ఏదో మాడుతోందే" అన్నాను, నువ్వు "నువ్వే వదినా" అన్నావు. నవ్వొచ్చింది, కదిలితే తప్పని బిగబట్టుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నావే, అది బాగుంది. ఇంటికొచ్చాక తలుచుకుని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటివి మొహం మీద చెప్పే అలవాటు మనకి లేదు కదా.

మీ అన్నయ్య నవ్వలేదు. గుమ్మంలో నన్ను చూసి, "నొప్పిగా ఉందా?" అని పదిసార్లు అడిగాడు. రెండు రోజులు వంట ఆయనే చేశాడు. ఆ వంట తిన్నాక లేజరే నయమనిపించింది.

నువ్వు భయపెట్టినంత ఏమీ లేదు. మూడో రోజుకే గరుకంతా పోయి నున్నగా అయిపోయింది. నాది గట్టి చర్మం అనుకుంటా. ఇప్పుడంతా బాగానే ఉంది.

రెండోసారికి తేదీ ఇప్పుడే పెట్టించకు. కొట్టులో పని తలకు మించి ఉంది. తీరిక చూసుకుని నేనే రాస్తాను.

వదిన


లేజర్ గది,
మధ్యలో దొరికిన తీరికలో

వదినా,

మూడో రోజుకి నున్నగా అవ్వడమేమిటి?

ఈ మిషను దగ్గర ఎన్ని మొహాలు చూశానో నాకే లెక్క లేదు. గట్టి చర్మం, మెత్తటి చర్మం, అందరికీ మూడో రోజుకి గరుకు అప్పుడే మొదలవుతుంది. పోవడం కాదు, మొదలవడం! లోపల కాలినదంతా పైకి వచ్చేది ఆ గరుకు రూపంలోనే. అది నీకు మూడో రోజుకే పోయిందంటే దానంతట అది పోలేదు. నువ్వు పోగొట్టావు.

పైగా "ఇప్పుడంతా బాగానే ఉంది" అని రాశావు. నువ్వు బాగున్నప్పుడు ఎప్పుడైనా బాగున్నానని రాశావా? నడుం నొప్పి, అన్నయ్య గురక, చెక్కకి పురుగు, ఇవే రాస్తావు.

కోపం లేదు నాకు. అబద్ధం, చాలా ఉంది. కానీ కోపం కంటే బెంగ ఎక్కువగా ఉంది. ఏ బుగ్గ? ఎంత మేర? ఏ రంగులో ఉంది? ఫోటో అడగను, నీ మాటల్లోనే రాయి. నిజం రాయి.

నీ మరదలు


వెనక గది,
తలుపు వేసుకుని

అమ్మడూ,

పట్టేశావు. డిటెక్టివువి.

మూడో రోజు పొద్దున పెద్దాయన కబురు పంపాడు. ఒక బీరువాకి పాలిష్ పొంగి లేచిందట, ఒక్కసారి చూసి పొమ్మన్నాడు. చూసి వచ్చేద్దామనే వెళ్ళాను. రుమాలు కట్టుకునే వెళ్ళాను. అక్కడ ఊపిరాడక రుమాలు కిందికి లాగాను. ఎడం చెయ్యి బీరువా తలుపు మీద పెట్టి పొంగు ఎక్కడుందో తడుముతున్నాను. మా పనిలో కన్ను కాదు చూసేది, వేళ్ళు. కుడి చెయ్యి ఎప్పుడు నా బుగ్గ మీదికి పోయిందో నాకు తెలీదు, ఒట్టు. గరుకు తగిలితే నా చెయ్యి ఊరుకోదు. ఏళ్ళ తరబడి దానికి నేర్పింది ఆ ఒక్కటే, గరుకుంటే నున్నగా అయ్యేదాకా ఆగొద్దని. తలుపు గురించి ఆలోచిస్తూ బుగ్గని రుద్దుతూ నిలబడ్డాను. చూసుకునేసరికి వేళ్ళ నిండా గోధుమరంగు పొడి. రంపపు పొట్టు అనుకుని దులుపుకున్నాను కూడా! అప్పుడు మంట పుట్టింది.

కుడి బుగ్గ. పచ్చిగా అయింది, మానింది, మానాక నల్లబడింది. నా బొటనవేలు అద్దినంత మేర ఉంటుంది. మొదట ఎండిపోతుందిలే అనుకున్నాను, నీకు రాయడానికి చేతులు రాలేదు. నువ్వంత చెప్పావు. గరుకు కాగితంలా ఉంటుందని నా భాషలోనే చెప్పావు. ప్రపంచంలో ఇంకెవరైనా దాన్ని వదిలేసి ఉండేవాళ్ళు. నాకే ఆ మాట చెప్పడం, నా చెయ్యే దాన్ని వినడం!

ఏడ్చాను, అది కూడా రాసేస్తున్నాను. గుంటలుంటే గుంటలతోనే ఉండేదాన్ని. ఇప్పుడు గుంటలూ ఉన్నాయి, మచ్చా ఉంది. దురాశకి పోయాను. నీ తప్పేం లేదు, మీ డాక్టరమ్మ తప్పూ లేదు. ఆవిడతో చెప్పకు, నాకు తలవంపులు.

సోమవారం పెద్దాయనకి నావల్ల కాదని చెప్పేస్తాను. మేనల్లుడినే తెచ్చుకోమంటాను. ఇక ఆ విషయం ఎత్తకు.

వదిన


క్లినిక్ మెట్ల మీద,
స్పీడుపోస్టులో

వదినా, వదినా,

డాక్టరమ్మతో చెప్పేశాను. వద్దన్నావని తెలుసు, ఒప్పుకోను. ఆవిడ ఏమందో విను. మచ్చ పోతుంది. కొన్ని నెలలు పట్టొచ్చు, కానీ మన రంగు వాళ్ళలో ఇలా నల్లబడటం కొత్తేమీ కాదట, మెల్లగా తగ్గుతుందట. రాత్రిపూట రాసుకునే క్రీము పంపుతున్నాను. బయటికి వెళ్ళేటప్పుడు ఎండ క్రీము దట్టంగా పట్టించు. మచ్చ తేలికపడేదాకా రెండోసారి చెయ్యం, ఆ లోపల ఒకసారి వచ్చి చూపించు. ఆవిడ నీ మీద కోప్పడలేదు. "పాలిష్ పనివాళ్ళ చేతులకి మొదటి వారం తొడుగులు వేసి పంపాలన్నమాట" అని నవ్వింది.

ఇప్పుడు నా సంగతి. కొత్త మొహంతో పంపిస్తానని పూచీ ఇచ్చాను చూడు, అది అతి. ఇలాంటి గుంటలు అన్నిసార్లు చేయించుకున్నా సగం తగ్గుతాయి, బాగా పని చేస్తే సగానికి కాస్త ఎక్కువ. పూర్తిగా ఎవరికీ పోవు. డాక్టరమ్మ ఆ మాట నీకు చెప్పబోతే "నేను అన్నీ చెప్పేశానండీ" అని అడ్డుపడ్డాను. సగం అంటే నువ్వు రావని. నిన్ను అబద్ధాలు రాశావని దులిపేశాను, చూడు నా యోగ్యత!

నీ గుంటలు నాకెప్పుడూ కనపడలేదని చెప్తే అదింకో అబద్ధం. కనపడ్డాయి. నువ్వు మా ఇంటికొచ్చిన కొత్తలో నీ ఒళ్ళో పడుకుని వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టేదాన్ని. నువ్వు కదలకుండా కూర్చునేదానివి. ఎవరినీ దగ్గరికి రానివ్వని బుగ్గల్ని నాకొక్కదానికే ముట్టుకోనిచ్చావు. నువ్వంటే నాకు ప్రాణం వదినా. నీ మొహం బాగుపడాలని కాదు నా తాపత్రయం, నువ్వు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రాకూడదని.

ఈ ఉత్తరం సోమవారంలోగా అందుతుందో లేదో. అందితే మాత్రం కాదని చెప్పకు. కాళ్ళు పట్టుకుంటాను.

నీ చిన్నప్పటి మరదలు


ముందు గది,
కౌంటరు

చిన్నప్పటి మరదలికి,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. సోమవారమే అంతా అయిపోయింది.

చెప్పేద్దామని పొద్దున్నే ముందు గదిలోకి వెళ్ళాను. మొహం నిండా మీ డాక్టరమ్మ ఆ రోజే ఇచ్చి పంపిన ఎండ క్రీము, గోడకి సున్నం కొట్టినట్టు. పెద్దాయన కౌంటరు వెనక కుర్చీలో కునుకు తీస్తున్నాడు. లేపుదామా వద్దా అని నిలబడ్డానో లేదో, ఒక పెద్దావిడ రాత బల్ల ఒకటి బండి మీద వేయించుకుని దిగింది. పొడుగ్గా, గొంతు గణగణమంటూ ఉంది. టీచరై ఉంటుందనుకున్నాను, టీచరే. బల్ల ఆవిడ తండ్రిదట. "దీన్నంతా గీకించి కొత్తగా చేయించాలి" అంది.

నేను నోరు మూసుకుని పెద్దాయన్ని లేపాల్సింది. బల్ల చూశాక ఇంకేం గుర్తుంటుంది? గుమ్మం దగ్గరికి లాగి, ఎండకి వారగా పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తడిమాను. "అమ్మా, అంతా గీకొద్దు, మంచి చెక్క కూడా పోతుంది. చెడిన చోట మాత్రమే పని చేద్దాం, మిగతాది ముట్టుకోవద్దు" అన్నాను. తలెత్తేసరికి ఆవిడ బల్లని చూడటం లేదు. నన్ను చూస్తోంది. ఎండ నా బుగ్గ మీద పడుతోంది.

"మీ మొహానికేమైందండీ? కాలిందా?" అని అడిగేసింది. టీచర్లకి మొహమాటం ఉండదు.

ఇన్నేళ్ళూ ఏ ప్రశ్నకి భయపడి గోడ వైపు తిరిగి కూర్చున్నానో, అది వచ్చేసింది. కానీ చేతులు బల్ల మీదున్నాయి, లేచి పారిపోవడానికి వీల్లేదు.

"కోరి కాల్పించుకున్నానండీ" అన్నాను.

ఆవిడ బిత్తరపోయింది. ఇక ఆగలేదు నేను. నువ్వు రాసిందంతా చెప్పాను. వెలుగుని చుక్కలుగా చీల్చడం, మధ్య చర్మాన్ని వదిలేయడం, వదిలేసిందే వచ్చి పూడ్చడం. చెక్క మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి మరీ చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని విద్యార్థిలా వింది.

"మరి ఈ నల్లమచ్చ?" అంది.

"అది మిషను తప్పు కాదండీ, నా తప్పు. వారం పాటు గరుకుని ముట్టుకోవద్దన్నారు. గరుకు తగిలితే నా చెయ్యి ఆగదు. నా మొహమైనా సరే ఊరుకోలేదు."

ఆవిడ నా చేతుల వంక చూసింది, బల్ల వంక చూసింది. "అంత ఆగని చెయ్యి అయితే మా నాన్న బల్ల మీకే అప్పజెబుతాను" అంది. "ఎప్పటికిస్తారు?"

"వచ్చే శుక్రవారానికి" అన్నాను.

ఆవిడ వెళ్ళాక చూస్తే పెద్దాయన కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో! "పొద్దున్నే వచ్చావు, ఏదో చెప్పాలనుకున్నట్టున్నావే?" అన్నాడు.

"చెప్పేశాను కదండీ, శుక్రవారానికని" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి, "అయితే ఇది నీకు ఎత్తు సరిపోతుందో లేదో కూర్చుని చూడు" అన్నాడు. సరిపోలేదు. కింద దిండు వేసుకుని కూర్చుని రాస్తున్నాను.

ఇక నీ సగం సంగతి. చదివి కాసేపు ఒళ్ళు మండింది. ముందే చెప్పుంటే వచ్చేదాన్ని కాదు, నిజమే. అయినా ఇంకోసారి నా తరఫున డాక్టరమ్మకి జవాబు చెప్పావంటే చెవి మెలిపెడతాను, ఎంత పెద్దదానివైనా సరే. ఒళ్ళో లెక్కపెట్టిన మాట మాత్రం నాలుగుసార్లు చదివాను. మీ అన్నయ్యకి చదివి వినిపించబోయి మధ్యలో ఆపేశాను, ఆయనే తీసుకుని చదువుకున్నాడు.

ఇంకో కబురు. ఎడం బుగ్గ మీద, నా చెయ్యి పడనిచోట, గుంటల అంచులు మెత్తబడ్డాయి. అద్దంలో ఇంకా పెద్దగా తెలీదు. నా వేలికి తెలుస్తోంది, వేలు చెప్పిందంటే నిజమే. అందుకని మచ్చ తగ్గాక తేదీ పెట్టించు, వస్తాను. ఇప్పుడు కౌంటరు కోసం కాదు, కౌంటరు వచ్చేసింది. నాకు కావాలనిపించి వస్తున్నాను. సగమే రానీ, ఆ సగం నాకు కావాలి. చేతులకి తొడుగులు సిద్ధంగా ఉంచు, వెనక ముడి వేసేవి చూడు, లేకపోతే పళ్ళతో విప్పేస్తాను.

వచ్చే ముందు కొట్టుకి తాళం వెయ్యాలి. తలుపు మీద ఏం రాసి పెట్టాలా అని పొద్దుట్నుంచీ ఆలోచించి, ఇందాకే అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఆరబెట్టాను. "యజమానురాలు ఊళ్ళో లేరు" అని.

వదిన